ఆర్‌సీ కారు కుదుపు లేకుండా నెమ్మదిగా కదలాలంటే

రిమోట్ ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కారు కదలదు. ఇంకాస్త నొక్కితే ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. ఈ రెండింటికీ మధ్య ఏమీ ఉండదు. ఖాళీ స్థలంలో ఫుల్ స్పీడులో పరుగెత్తించేవాళ్లకు ఇదంతా పెద్దగా తెలియదు. రాయి మీదికి ఎక్కించేటప్పుడో, పిల్లల చేతికి రిమోట్ ఇచ్చినప్పుడో, ఫోన్‌తో వీడియో తీస్తూ కారును మెల్లగా రప్పించాలన్నప్పుడో బయటపడుతుంది.

అలా బయటపడగానే చాలామంది కొత్త ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగం) ఆర్డర్ పెట్టేస్తారు, లేదంటే రిమోట్‌లో ఎక్స్‌పో (ట్రిగ్గర్ మొదట్లో స్పందనను మెత్తబరిచే సెట్టింగు) పెంచి చూస్తారు. రెండూ తొందరపాటే. తక్కువ వేగంలో కారు మెత్తగా కదలడానికి మొదటి కారణం గేర్లు, రెండోది మోటారు రకం. సెట్టింగులు ఆఖరి మెరుగులు మాత్రమే. ఈ వరస తిరగేస్తే డబ్బూ ఓపికా రెండూ ఖర్చవుతాయి. కాబట్టి మీరు కూడా ఇదే వరసలో వెళ్లండి.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూసుకోండి. బొమ్మల షాపుల్లో దొరికే చాలా కార్ల రిమోట్లలో థ్రాటిల్ అంటే ఆన్, ఆఫ్ అంతే. చక్రాలు గాల్లోకి ఎత్తి ట్రిగ్గర్ సగం నొక్కండి, తర్వాత పూర్తిగా నొక్కండి. రెండుసార్లూ చక్రాలు ఒకే వేగంతో తిరిగితే అది ప్రొపోర్షనల్ కంట్రోల్ లేని బండి. దాని మీద ఎంత కష్టపడినా మెత్తదనం రాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా విడిగా ఈఎస్‌సీ, మోటారు, రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది) ఉన్న హాబీ కార్ల గురించి.

ముందు కుదుపు ఎలాంటిదో గమనించండి

చదునైన గచ్చు మీద కారు పెట్టి, ట్రిగ్గర్ వీలైనంత మెల్లగా నొక్కుతూ చూడండి, వినండి.

కదలకముందే మోటారు గరగరమంటూ ముందుకీ వెనక్కీ వణికి, తర్వాత ఒక్కసారిగా అందుకుంటే అది కాగింగ్. సెన్సర్ లేని బ్రష్‌లెస్ మోటారు (లోపల బ్రష్‌లు లేనిది, తిరిగే భాగం ఎక్కడుందో చెప్పే సెన్సర్ కూడా లేనిది) లక్షణం ఇది. సెన్సర్డ్ కారులో ఇదే కనిపిస్తే సెన్సర్ వైరును అనుమానించండి.

మోటారు వణకకుండా, చాలాసేపు ఏమీ జరగకుండా, ఆ తర్వాత కారు దూకితే డ్రైవ్‌ట్రెయిన్‌లో ఎక్కడో బిగుతు ఉంది, లేదా గేరింగ్ మరీ ఎక్కువగా ఉంది (అంటే మోటారు కొద్దిగా తిరిగినా చక్రం ఎక్కువ తిరిగేలా గేర్లు ఉన్నాయి). ఆ బిగుతును గెలిచేంత కరెంటు వచ్చేసరికి అది కారుకు అవసరమైనదానికంటే ఎక్కువైపోతుంది.

కారు కదులుతూనే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట పట్టినట్టు ఆగుతుంటే అది మెకానికల్ లోపం. వంగిన యాక్సిల్, గుండ్రంగా లేని స్పర్ గేర్ (మోటారు తిప్పే పెద్ద గేరు), రాయి ఇరుక్కున్న గేరు పన్ను, ఇలాంటివి. ఏ సెట్టింగుతోనూ పోదు.

స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే కుదిపితే దారి వేరు. దాని సంగతి తర్వాత.

మోటారును పక్కకు జరిపి కారును చేత్తో తోయండి

మోటారు స్క్రూలు వదులు చేసి పినియన్‌ను (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) స్పర్ గేరు నుంచి విడదీయండి. ఇప్పుడు కారును గచ్చు మీద ఒక వేలితో తోయండి. ఎక్కడా పట్టకుండా, తోయడం ఆపాక కూడా కాస్త దూరం దొర్లాలి. క్రాలర్లలో (నెమ్మదిగా రాళ్లు ఎక్కడానికి చేసిన కార్లు) గేర్ల తగ్గింపు ఎక్కువ, డిఫ్‌లు (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లాక్ చేసి ఉంటాయి గనక అవి అంత దూరం దొర్లవు. కానీ బిగుతు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

పట్టేస్తుంటే ఒక్కో చక్రం దగ్గర్నుంచి వెనక్కి వెతుక్కుంటూ రండి. చక్రం నట్టు మరీ బిగించడం వల్ల బేరింగ్ నలిగిపోతుండవచ్చు. ప్లాస్టిక్ బుషింగులతో వచ్చే చవక కిట్లలో దుమ్ము చేరి యాక్సిల్‌ను పట్టేస్తుంది. బాల్ బేరింగుల సెట్టు వేయడం ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది. ముందు చక్రాలను పూర్తిగా ఒక పక్కకు తిప్పి కూడా తోసి చూడండి. క్రాలర్లలో ఆ కోణంలో యూనివర్సల్ జాయింట్ పట్టేయడం మామూలే. అప్పుడు స్టీరింగ్ ఎండ్ పాయింట్ (ఎంతవరకు కదలాలో రిమోట్‌లో పెట్టే హద్దు) కొంచెం తగ్గించడమే మందు.

గేర్ మెష్, అంటే రెండు గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చునే తీరు, చూడటానికి నోటుపుస్తకం కాగితం సన్నగా చించి పినియన్‌కూ స్పర్‌కూ మధ్య పెట్టండి. మోటారును దానికి ఆనించి స్క్రూలు బిగించి, కాగితం బయటికి తిప్పి తీసేయండి. స్పర్‌ను వేలితో కదిపితే చిన్న టిక్‌టిక్ వినిపించాలి. అసలు కదలకపోతే బిగుతు, టకటకమని ఊగిపోతే వదులు. ఒక్కచోట చూసి వదిలేయకండి. స్పర్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉంటే స్పర్ గుండ్రంగా కూర్చోలేదని అర్థం.

పినియన్ గ్రబ్ స్క్రూ మోటారు షాఫ్టు మీది చదును భాగానికే ఆనాలి. గుండ్రటి వైపు బిగిస్తే కొన్నాళ్లకు జారుతుంది. ఆ జారడం తక్కువ వేగంలో అచ్చం కాగింగ్‌లాగే కనిపిస్తుంది. స్లిప్పర్ క్లచ్ (గేర్లు విరగకుండా లోడు ఎక్కువైతే జారే భాగం) వదులైనా అంతే, మోటారు తిరుగుతుంది గానీ కారు ఆలస్యంగా అందుకుంటుంది.

గేరింగ్ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టే. అసలు సమాధానం మాత్రం ఇక్కడే ఉంటుంది.

ఉదాహరణకు ట్రాక్సస్ స్లాష్ టూ-వీల్-డ్రైవ్ తీసుకుందాం. 86 పళ్ల స్పర్, 19 పళ్ల పినియన్, గేర్‌బాక్సు లోపలి నిష్పత్తి 2.72. స్పర్‌ను పినియన్‌తో భాగించి 2.72తో హెచ్చిస్తే 12.31 వస్తుంది. అంటే చక్రం ఒకసారి తిరగడానికి మోటారు పన్నెండు సార్ల పైన తిరగాలి. ఈ కారులో 3500 కేవీ బ్రష్‌లెస్ మోటారు పెట్టారనుకోండి. కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో ఆ సంఖ్య. 2ఎస్ లైపో (రెండు సెల్స్ ఉన్న లిథియం బ్యాటరీ) 7.4 వోల్టులు గనక లోడు లేకుండా 25,900 చుట్లు. చక్రానికి సుమారు 2,100. టైరు వ్యాసం 11 సెంటీమీటర్లయితే కాగితం మీద గంటకు 43 కిలోమీటర్ల పైచిలుకు వేగం.

ఇప్పుడు అదే కారును గంటకు ఒక కిలోమీటరు వేగంతో నడిపించాలి. మోటారు నిమిషానికి 600 చుట్లు తిరిగితే చాలు. మొత్తం వేగంలో అది రెండున్నర శాతం కూడా కాదు. మీ వేలు, రిమోట్, ఈఎస్‌సీ, మోటారు, ఇవన్నీ ట్రిగ్గర్ ప్రయాణంలో మొదటి ఆ చిన్న ముక్కలోనే పని చేయాలి. అక్కడ ఈఎస్‌సీ డెడ్‌బ్యాండే (న్యూట్రల్ చుట్టూ స్పందించని భాగం) అంతకంటే పెద్దదిగా ఉండవచ్చు.

క్రాలర్ లెక్క చూడండి. 7.4 వోల్టులకు 12,000 చుట్లు తిరిగే నెమ్మది మోటారు, మొత్తం నిష్పత్తి 40, టైరు వ్యాసం 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫుల్ స్పీడు గంటకు ఏడు కిలోమీటర్ల లోపే. గంటకు ఒక కిలోమీటరు అంటే అందులో దాదాపు 15 శాతం. ట్రిగ్గర్ మీద వేలికి చోటు దొరికింది. మోటారు కూడా నిమిషానికి 1,700 చుట్ల పైనే తిరుగుతోంది, అంటే వణికే దశ దాటేసింది. క్రాలర్లు మెత్తగా కదలడానికి ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

మీ కారుకు ఇలాంటి లెక్కే వేసి, ముందు పినియన్ చిన్నది చేయండి. స్లాష్‌లో 19 నుంచి 16 పళ్లకు దిగితే నిష్పత్తి 14.62 అవుతుంది. చక్రం దగ్గర టార్క్ దాదాపు 19 శాతం పెరుగుతుంది, మోటారు చల్లగా ఉంటుంది, టాప్ స్పీడు తగ్గుతుంది. కానీ పరుగు కోసం చేసిన బండిని ఒక్క పినియన్‌తో క్రాలర్ చేయలేరు. నిజంగా నెమ్మది కావాలంటే మోటారు కేవీ తగ్గించాలి. బ్రష్డ్ (బ్రష్‌లున్న) మోటారైతే టర్న్‌లు (కాయిల్‌లో తీగ చుట్లు) పెంచాలి. 3ఎస్ బదులు 2ఎస్ బ్యాటరీ వాడటం కూడా ఇదే పని చేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. పెద్ద టైర్లు వేసినవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. టైరు వ్యాసం పెరిగిందంటే గేరింగ్ పెంచినట్టే.

రిమోట్, కాలిబ్రేషన్

గేర్లు కుదిరాక రిమోట్ పట్టుకోండి. ఇక్కడ వరస చాలా ముఖ్యం.

1. రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్, సబ్‌ట్రిమ్ (న్యూట్రల్ స్థానాన్ని సర్దే సెట్టింగులు) రెండూ సున్నాకు తెండి. ఎక్స్‌పో సున్నా. ఎండ్ పాయింట్లు రెండు వైపులా 100 శాతం.

2. పినియన్‌ను విడదీసి, లేదా చక్రాలు నేలకు తగలకుండా కారును ఎత్తి పెట్టి, ఈఎస్‌సీ మాన్యువల్ ప్రకారం కాలిబ్రేట్ చేయండి. చాలా వాటిలో న్యూట్రల్, ఫుల్ ఫార్వర్డ్, ఫుల్ బ్రేక్ అనే మూడు స్థానాలను ఈఎస్‌సీకి నేర్పిస్తారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కంపెనీని బట్టి మారుతుంది.

3. ట్రిగ్గర్ వదిలినప్పుడు ఈఎస్‌సీ న్యూట్రల్ లైటు సరిగా చూపిస్తోందో లేదో చూడండి. కొన్ని రిమోట్లలో థ్రాటిల్ చానల్‌ను రివర్స్ చేస్తే తప్ప ఈఎస్‌సీ ముందూ వెనకా సరిగా గుర్తుపట్టదు.

4. ఇప్పుడు, కాలిబ్రేషన్ అయిన తర్వాత మాత్రమే, రిమోట్‌లో ఫార్వర్డ్ ఎండ్ పాయింట్‌ను 50 లేదా 60 శాతానికి తగ్గించండి.

నాలుగో మెట్టు ముందు చేస్తే ఫలితం ఉండదు. తగ్గించిన సిగ్నల్‌నే ఈఎస్‌సీ ఫుల్ థ్రాటిల్‌గా నేర్చుకుంటుంది. వరసలో చేస్తే ట్రిగ్గర్ పూర్తి ప్రయాణం సగం వేగానికే సరిపోతుంది, వేలికి రెట్టింపు నియంత్రణ వస్తుంది. రిసీవర్ ఈఎస్‌సీకి పంపే మామూలు సిగ్నల్ పల్సు 1000 నుంచి 2000 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, న్యూట్రల్ 1500. ముందుకు వెళ్లడానికి ఉన్న ఆ 500 మైక్రోసెకన్లలో ట్రిగ్గర్ ఇప్పుడు సగమే వాడుతోంది, అంతే. పిల్లలు నడిపేటప్పుడు ఇంతకు మించిన ఏర్పాటు లేదు. కొన్ని రిమోట్లకు దీని కోసం విడిగా నాబ్ కూడా ఉంటుంది. ట్రాక్సస్ ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీలో ట్రైనింగ్ మోడ్ పెడితే వేగాన్ని అదే సగానికి తగ్గిస్తుంది.

తర్వాత ఎక్స్‌పో. న్యూట్రల్ దగ్గర ట్రిగ్గర్ స్పందనను ఇది చదును చేస్తుంది. మెత్తబడటానికి కొన్ని రిమోట్లలో మైనస్ వైపు వెళ్లాలి, కొన్నిటిలో ప్లస్ వైపు. స్క్రీన్ మీద గ్రాఫు ఉంటే చూడండి, లేకపోతే చక్రాలు ఎత్తి పెట్టి రెండు వైపులా పరీక్షించండి. 20 నుంచి 30 శాతం దగ్గర ఆగండి. మరీ పెంచితే మొదట్లో దాచిన దూకుడంతా మధ్యలో ఒకేసారి బయటికి వస్తుంది.

ఎక్స్‌పో గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సెన్సర్ లేని బ్రష్‌లెస్ కారులో ఇది పరిస్థితిని దిగజార్చగలదు. మోటారు వణికే దశలోనే ట్రిగ్గర్ ఎక్కువసేపు ఉండేలా చేస్తుంది మరి. అలాంటి కారులో ఎక్స్‌పో సున్నా దగ్గరే ఉంచండి.

బ్రష్డ్ మోటారు ఉంటే

నెమ్మదిగా నడపడానికి బ్రష్డ్ మోటారు ఇప్పటికీ చవకైన, నమ్మకమైన దారి. పాతకాలపు వస్తువని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు వెళ్లాలో మోటారులోని బ్రష్‌లు, కమ్యుటేటరే చూసుకుంటాయి. రోటర్ (మోటారులో తిరిగే భాగం) ఎక్కడుందో ఈఎస్‌సీ తెలుసుకోనక్కర్లేదు. అందుకే ఆగి ఉన్న స్థితి నుంచి కూడా టార్క్ పూర్తిగా దొరుకుతుంది.

540 సైజు మోటారును క్రాలింగ్‌కు వాడాలంటే 35, 45, 55 టర్న్‌ల మధ్య చూడండి. టర్న్‌లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, నియంత్రణ పెరుగుతుంది. 35 టర్న్‌లు అన్ని పనులకూ సరిపడే మధ్యస్థం. మామూలు మోటార్ల ఆర్మేచర్‌కు (కాయిళ్లు చుట్టి ఉండే రోటర్) మూడు స్లాట్లు ఉంటాయి. ఐదు స్లాట్లవి దొరికితే నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంకా మెత్తగా ఉంటాయి, ఖరీదు కూడా ఆ మేరకే ఉంటుంది.

ఇక ఈఎస్‌సీలో చూడాల్సిన అసలు సెట్టింగు పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ. ఈఎస్‌సీ వోల్టేజీని నిజంగా తగ్గించదు. బ్యాటరీ వోల్టేజీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌గా ఉంచే కాలాన్ని బట్టి వేగం మారుతుంది. ఫ్రీక్వెన్సీ 1 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటే ఒక్కో పల్సుకూ మధ్య మోటారులో కరెంటు సున్నాకు పడిపోయి మళ్లీ లేస్తుంది. దాని వల్లే తక్కువ థ్రాటిల్‌లో ఆ జుయ్‌మనే శబ్దం, ఒక మోస్తరు గరుకుదనం. ఫ్రీక్వెన్సీ పెంచితే కరెంటుకు పడిపోయే తీరిక ఉండదు, నిలకడగా పారుతుంది, కారు మెత్తగా కదులుతుంది. బదులుగా ఈఎస్‌సీ ఎక్కువ వేడెక్కుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ ఇచ్చే మొదటి తోపు కూడా పోతుంది గనక, కారు కదలడానికి ట్రిగ్గర్ ఇంకొంచెం ఎక్కువ నొక్కాల్సి వస్తుంది. ఈ తేడాను చూసి పవర్ తగ్గిందని కంగారు పడకండి.

చవకలో ఎక్కువమంది వాడే హాబీవింగ్ క్విక్‌రన్ 1060లో బ్యాటరీ రకం, నడిపే మోడ్ మాత్రమే జంపర్లతో మార్చుకోగలం. ఫ్రీక్వెన్సీ 1 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంటుంది. అదే కంపెనీ 1080లో ప్రోగ్రామ్ కార్డుతో (సెట్టింగులు మార్చే చిన్న పరికరం) ఫ్రీక్వెన్సీ, పంచ్ (కదిలేటప్పటి దూకుడు), డ్రాగ్ బ్రేక్ (ట్రిగ్గర్ వదిలినప్పుడు దానంతట అదే పడే బ్రేకు) లాంటివన్నీ మార్చవచ్చు. క్రాలర్ కోసం కొత్తగా కొనేవాళ్లు కార్డుతో సహా 1080 తీసుకోవడం మేలు. మధ్యస్థ ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతిసారీ కొద్దిసేపు నడిపి ఈఎస్‌సీని తాకి చూడండి.

పంచ్ తగ్గించండి. డ్రాగ్ బ్రేక్ మీ పనిని బట్టి పెట్టుకోండి. రాయి మీద కారు వెనక్కి జారకుండా నిలబడాలంటే 100 శాతం కావాలి. చదును నేల మీద అదే 100 శాతం ఉంటే ట్రిగ్గర్ వదిలిన ప్రతిసారీ కారు ముక్కు కిందికి వంచుతుంది. చూసేవాళ్లు దాన్ని కూడా కుదుపే అనుకుంటారు.

మోటారు ముందుకు గరుకుగా, వెనక్కి మెత్తగా తిరుగుతుంటే టైమింగ్ (కాయిల్‌కు కరెంటు మారే క్షణాన్ని ఎంత ముందుకు జరిపారన్నది) చూడండి. కొన్ని బ్రష్డ్ మోటార్లు ఒక దిశలో తిరగడానికి టైమింగ్ అడ్వాన్స్ చేసి వస్తాయి. మీ గేర్‌బాక్సు వాటిని అవతలి దిశలో తిప్పుతుంటే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు, వేడి, గరుకుదనం అన్నీ వస్తాయి. ఎండ్‌బెల్ (మోటారు వెనక మూత) తిప్పే వీలుంటే సున్నా టైమింగ్‌కు తెండి. రెండు దిశల్లోనూ సమానంగా నడుస్తుంది.

కొత్త మోటారును మొదటిరోజే కారులో పెట్టి దంచకండి. రెండు ఏఏ సెల్స్ వరసగా కలిపితే 3 వోల్టులు. దానితో లోడు లేకుండా ఓ పావుగంట తిప్పితే బ్రష్ కొసలు కమ్యుటేటర్ వంపుకు సరిపోయేలా అరుగుతాయి. ఆ తర్వాత తక్కువ వేగంలో తేడా చేతికి తెలుస్తుంది. పాత మోటారైతే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, షాఫ్టు బుషింగులకు ఒక్కో చుక్క నూనె వేయండి. కమ్యుటేటర్ మీద నూనె పడకూడదు.

మోటారు డబ్బాకు 104 అని రాసి ఉన్న మూడు చిన్న కెపాసిటర్లు ఉండాలి. ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగతా రెండు ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకు. బ్రష్‌ల నుంచి పుట్టే విద్యుత్ రొదను ఇవి అణచుతాయి. ఊడిపోయి ఉంటే సోల్డర్ చేయండి. పాత మోటార్లతో వచ్చే షాట్కీ డయోడ్‌ను మాత్రం రివర్స్ ఉన్న ఈఎస్‌సీతో వాడకూడదు. వెనక్కి వేయగానే షార్ట్ అవుతుంది.

సెన్సర్ లేని బ్రష్‌లెస్ ఉంటే

ఇక్కడ నిజం ముందే చెప్పేయాలి. సెన్సర్ లేని ఇన్‌రన్నర్ (డబ్బా లోపల రోటర్ తిరిగే) మోటారుతో, పరుగు బండి గేరింగ్‌తో, రాళ్లు ఎక్కేంత మెత్తదనం రాదు. ట్రాక్సస్ వెలినియన్ వీఎక్స్‌ఎల్-3ఎస్ లాంటి సిస్టమ్‌లు తయారైంది పరుగు కోసం.

కారణం తెలిస్తే ఏం ఆశించాలో తెలుస్తుంది. బ్రష్‌లెస్‌లో ఏ కాయిల్‌కు కరెంటు ఇవ్వాలో ఈఎస్‌సీయే నిర్ణయించాలి. దానికి రోటర్ ఎక్కడుందో తెలియాలి. సెన్సర్ లేనప్పుడు, తిరిగే అయస్కాంతం కాయిళ్లలో పుట్టించే ఎదురు వోల్టేజీని చూసి అంచనా వేస్తుంది. ఆగి ఉన్న మోటారులో ఆ వోల్టేజీ సున్నా. కాబట్టి మొదటి కొన్ని చుట్లూ చీకటి గదిలో గోడ తడుముకుంటూ నడిచినట్టే. ఊహించి ఒక కాయిల్‌కు కరెంటు ఇస్తుంది, రోటర్ అక్కడ లేకపోతే వెనక్కి ఒక కుదుపు, మళ్లీ ప్రయత్నం. కారు బరువుగా ఉంటే, గేరింగ్ ఎక్కువగా ఉంటే, ఎత్తు మీద ఉంటే ఈ తడుములాట ఎక్కువసేపు సాగుతుంది.

అయినా మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పినియన్ వీలైనంత చిన్నది వేయండి. ఈఎస్‌సీలో టైమింగ్ తక్కువ పెట్టండి. స్టార్ట్ పవర్ అనే సెట్టింగు ఉంటే తక్కువ నుంచి మధ్యస్థం దాకా మార్చి చూడండి. మరీ తక్కువైతే మోటారు అందుకోదు, మరీ ఎక్కువైతే దూకుతుంది. బ్యాటరీ మంచిదై ఉండాలి. ముసలి బ్యాటరీ, నల్లబడిన కనెక్టర్, సరిగా కరిగి అతకని సోల్డర్ జాయింట్ ఉంటే స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోయి కాగింగ్ రెట్టింపవుతుంది. మోటారు వైర్లు మూడింటిలో ఒకదాని బుల్లెట్ కనెక్టర్ వదులుగా ఉన్నా మోటారు స్టార్ట్ కాకుండా వణుకుతుంది. ముందు దాన్నే లాగి చూడండి.

నడిపే పద్ధతి కూడా మార్చుకోండి. ట్రిగ్గర్‌ను మిల్లీమీటరు మిల్లీమీటరు నొక్కకుండా చిన్నగా ఒక్కసారి తట్టి, కారు కదలగానే వెనక్కి తీయండి. మోటారు ఒకసారి తిరగడం మొదలయ్యాక కొంత నెమ్మది వేగాన్ని నిలుపుకోగలదు. వణుకుతున్నప్పుడు మాత్రం ట్రిగ్గర్ పట్టుకుని మొండిగా కూర్చోకండి. కదలని మోటారులోకి వెళ్లే కరెంటంతా వేడిగా మారుతుంది, ఈఎస్‌సీలు కాలిపోయేది ఇలాగే.

ఇవన్నీ చేసినా మీకు కావలసిన నెమ్మది రాకపోతే సెట్టింగులతో కుస్తీ ఆపి సెన్సర్డ్ వైపు వెళ్లండి.

సెన్సర్డ్, ఎఫ్‌ఓసీ

సెన్సర్డ్ మోటారులో రోటర్ పక్కన మూడు హాల్ సెన్సర్లు (అయస్కాంతాన్ని పసిగట్టేవి) ఉంటాయి. రోటర్ ఎక్కడుందో ఆగి ఉన్నప్పుడు కూడా చెబుతాయి. తడుములాట ఉండదు. మోటారు నుంచి ఈఎస్‌సీకి వెళ్లే ఆరు పిన్నుల సన్నటి వైరు ఆ కబురు మోసేది. అందులో మూడు సెన్సర్లకు, ఒకటి ఉష్ణోగ్రతకు, మిగతా రెండు 5 వోల్టుల సరఫరాకు, గ్రౌండుకు.

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ వైర్లవే. సెన్సర్ లేని మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు పవర్ వైర్లలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తాం. సెన్సర్డ్‌లో అలా చేయకూడదు. ఏ, బీ, సీ గుర్తులు ఈఎస్‌సీలోనూ మోటారులోనూ కలవాలి. కలవకపోతే మోటారు వణికి వేడెక్కుతుంది. దిశ మార్చాలంటే ఈఎస్‌సీ సెట్టింగులో మార్చండి.

బాగా నడుస్తున్న సెన్సర్డ్ కారు ఒకరోజు ఉన్నట్టుండి వణకడం మొదలుపెడితే ముందు సెన్సర్ వైరు మార్చి చూడండి. చాలా ఈఎస్‌సీలు సెన్సర్ సిగ్నల్ పోతే తమంతట తామే సెన్సర్ లేని పద్ధతికి మారిపోతాయి. కారు నడుస్తూనే ఉంటుంది, మెత్తదనం మాత్రం పోతుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల తెగిన వైరు ఇది. వైరును తిరిగే భాగాలకు దూరంగా, మలుపుల్లో బిగువు లేకుండా కట్టండి. దుమ్ములో, వానలో నడిపేవాళ్లు కనెక్టర్ మీద చిన్న టేపు ముక్క అంటించండి.

ఎండ్‌బెల్ మీద టైమింగ్ గీతలు ఉంటే తక్కువ వైపు ఉంచండి. ఎక్కువ టైమింగ్ పైవేగానికి పనికొస్తుంది, అడుగువేగాన్ని పాడుచేస్తుంది. మోటారు పోల్స్ (రోటర్ అయస్కాంత ధ్రువాలు) కూడా లెక్కలోకి వస్తాయి. మామూలు సెన్సర్డ్ పద్ధతిలో ఈఎస్‌సీ ఒక విద్యుత్ చక్రానికి ఆరు అడుగులు వేస్తుంది. రెండు పోల్స్ మోటారులో అది 60 డిగ్రీలకు ఒక అడుగు, నాలుగు పోల్స్‌లో 30 డిగ్రీలకు ఒకటి. అడుగు చిన్నదైతే నెమ్మదిలో తొట్రుపాటు తక్కువ.

ఆ అడుగులే లేకుండా చేసేది ఎఫ్‌ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్). కరెంటును మెట్లు మెట్లుగా కాకుండా సైన్ తరంగంలా నిరంతరంగా మారుస్తుంది. హాబీవింగ్ క్విక్‌రన్ ఫ్యూజన్‌లో మోటారు, ఈఎస్‌సీ రెండూ ఒకే డబ్బాలో వస్తాయి, పైన చెప్పిన వైర్ల గొడవ చాలావరకు తప్పుతుంది. ఎత్తు వచ్చినా, పల్లం వచ్చినా వేగాన్ని నిలకడగా పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. క్రాలర్‌కు బ్రష్‌లెస్ పెట్టుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. సెన్సర్ లేనిది కొని తర్వాత మార్చుకోవడం కంటే కొన్నాళ్లు 35 టర్న్‌ల బ్రష్డ్‌తో నడిపి, డబ్బు కూడబెట్టి ఒకేసారి ఎఫ్‌ఓసీకి వెళ్లండి.

స్టీరింగ్ తిప్పినప్పుడే కుదిపితే

మోటారును తిట్టకండి. ముందు చెప్పినట్టు యూనివర్సల్ జాయింట్ పట్టేయడం లేదని తేలితే, ఎక్కువగా తప్పు బీఈసీది. ఈఎస్‌సీలోని ఆ చిన్న భాగమే రిసీవర్‌కూ సర్వోకూ (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) కరెంటు ఇస్తుంది. రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పడానికి బలమైన సర్వో ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ క్షణంపాటు ఆగి మళ్లీ లేస్తుంది. ఆ క్షణం థ్రాటిల్ కూడా పోతుంది. కారు ఆపి, చక్రాన్ని చేత్తో పట్టుకుని స్టీరింగ్ తిప్పుతూ రిసీవర్ లైటు చూడండి. మిణుకుమంటే సర్వోకు విడిగా బీఈసీ పెట్టాలి.

పరీక్ష నేల మీదే

చక్రాలు గాల్లో ఉంచి సెట్ చేసినది నేల మీద పనిచేస్తుందని అనుకోకండి. గాల్లో లోడు లేదు గనక ఏ కారైనా మెత్తగానే తిరుగుతుంది. గచ్చు మీద సుద్దముక్కతో ఒక మీటరు దూరంలో రెండు గీతలు గీయండి. ఒక గీత నుంచి రెండో గీత దాకా కారు ఆగకుండా, దూకకుండా పది సెకన్లలో వెళ్లగలగాలి. క్రాలరైతే ఇరవై. తర్వాత ఒక చెక్కను ఇటుక మీద వాలుగా పెట్టి, దాని మధ్యలో కారు ఆపి, అక్కడి నుంచి మళ్లీ కదిలించండి. ఎత్తు మీద ఆగి కదలడమే అసలు పరీక్ష. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు చెక్క కూడా అక్కర్లేదు, గ్రానైట్ గుండ్లు కావలసినన్ని ఉన్నాయి.

ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మార్చిన ప్రతిదీ ఫోన్‌లో రాసుకోండి. పినియన్, ఎక్స్‌పో, పంచ్ మూడూ ఒకేసారి మారిస్తే బాగుపడింది దేని వల్లో తెలియదు, చెడిపోతే వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు. రెండు మూడు నిమిషాలకు ఒకసారి ఆపి మోటారును, ఈఎస్‌సీని చూడండి. నెమ్మదిగా నడిచేటప్పుడు మోటారుకు గాలి సరిగా తగలదు, అందుకే పరుగులో చల్లగా ఉన్న కారు కూడా క్రాలింగ్‌లో వేడెక్కవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మోటారు డబ్బా 80 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. లేకపోతే వేలు ఆనించండి. రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేకపోతే ఆపి చల్లారనివ్వండి, ఆ తర్వాత పినియన్ ఇంకో పన్ను తగ్గించి మళ్లీ గీతల దగ్గరికి రండి.